మైలోమా తిరగబెట్టాక మేం చేరిన క్లినికల్ ట్రయల్ యూనిట్: ఒక భార్య రాస్తున్న రివ్యూ

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో క్యాన్సర్ మందుల క్లినికల్ ట్రయల్స్, అంటే కొత్త మందులను రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనాలు నడిపే యూనిట్ మీద ఈ రివ్యూ. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ట్రయల్ ఇంకా నడుస్తోంది, మా ఆయన ఇంకా అందులోనే ఉన్నారు, పైగా నేను చెప్పబోయేవాటిలో ఫిర్యాదులు కూడా ఉన్నాయి. మిక్సీ కొనాలంటే వంద రివ్యూలు దొరుకుతాయి. "ట్రయల్‌లో చేరతారా అమ్మా?" అని డాక్టరు గారు అడిగిన రోజున మాత్రం, మాలాంటి ఇంటివాళ్లు రాసింది తెలుగులో చదువుకుందామంటే నాకు ఒక్క పేజీ కనిపించలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కొత్తగూడెం. మా ఆయన సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్పాను. ఆయనకు వచ్చింది మల్టిపుల్ మైలోమా. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు క్యాన్సర్‌గా మారే జబ్బు ఇది. యాంటీబాడీలు తయారు చేయాల్సిన ఆ కణాలు చెడిపోయాక ఒకే రకం ప్రోటీన్‌ను విపరీతంగా తయారు చేస్తాయి. రక్తపరీక్షలో దాన్ని ఎం ప్రోటీన్ అంటారు. ఎముకలు గుల్లబారతాయి, రక్తం తగ్గుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈయనకు నడుం నొప్పితో బయటపడింది. మొదటి విడతలో బోర్టెజోమిబ్, లెనలిడోమైడ్, డెక్సామెథాసోన్ ఇచ్చారు. తర్వాత ఆయన సొంత మూలకణాలతోనే ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఆ పైన లెనలిడోమైడ్ ఒక్కటే తక్కువ డోసులో వేసుకుంటూ కొన్నేళ్లు చక్కగా గడిచాయి. తోటపని చేసుకునేవారు, మనవణ్ణి స్కూటర్ మీద తిప్పేవారు. తర్వాత ఎం ప్రోటీన్ మెల్లగా పెరగడం మొదలైంది. మనిషికి ఏ బాధా లేదు, రిపోర్టులో అంకె మాత్రం ప్రతిసారీ కొంచెం ఎక్కువ. చివరికి "జబ్బు తిరగబెట్టింది" అన్నారు.

ఈ జబ్బు ఎందుకు తిరగబెడుతుందో, అప్పుడు మందులు కలిపి ఎందుకు ఇస్తారో తెలియకపోతే ట్రయల్ అర్థం కాదు. కోట్ల క్యాన్సర్ కణాలన్నీ ఒకే రకంగా ఉండవు. ఒక మందుకు చాలా కణాలు చస్తాయి, కొన్ని మాత్రం తట్టుకుని మిగులుతాయి. తిరిగి పెరిగేది ఆ మిగిలినవే. వాటి మీద పాత మందు సరిగ్గా పనిచేయదు. వేర్వేరు దారుల్లో దెబ్బకొట్టే రెండు మూడు మందులు ఒకేసారి ఇస్తే అన్నిటినీ తట్టుకుని బతికే కణాలు బాగా తగ్గుతాయి. ఈ ఆలోచన మొదట గట్టిగా నిరూపణ అయింది పిల్లల రక్త క్యాన్సర్‌లో. అందులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చెయ్యి ఉంది. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు కోలుకున్నారు, కానీ కొద్ది నెలలకే జబ్బు తిరిగొచ్చింది. ఒక్క మందు చాలదని అక్కడే తేలింది. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ డాక్టర్లు నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నాలుగింటిలో ఒకటి అమెథోప్టెరిన్, అంటే ఇవాళ మనం మెథోట్రెక్సేట్ అంటున్నది. అదీ సుబ్బారావు గారి ల్యాబ్ నుంచి వచ్చిన కుటుంబంలోదే. ఇన్నేళ్లు పిల్లలకు పాఠం చెప్పిన దాన్ని, ఈ సంగతి ఆసుపత్రి కుర్చీలో కూర్చుని తలుచుకుంటే ధైర్యం వచ్చింది.

ఇక యూనిట్ సంగతి. నేను ఎక్కువ మార్కులు వేసేది సంతకానికి ముందు వాళ్లు మాతో గడిపిన సమయానికి.

పెద్ద డాక్టరు గారు మాకు తెలుగులో ఉన్న సమ్మతి పత్రం ఇచ్చి, "ఇవాళ సంతకం వద్దు. ఇంటికి తీసుకెళ్లి చదవండి, పిల్లలకు చూపించండి, మీ మామూలు డాక్టరు గారితో మాట్లాడండి. చేరకపోయినా ఇక్కడ మీ వైద్యం ఆగదు" అన్నారు. ఆ చివరి మాట పత్రంలోనూ ఉంది. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బయటికి రావచ్చని కూడా ఉంది. బోలెడు పేజీలు, గట్టి భాష. నేను పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను, మా ఆయన నేను చదువుతుంటే విన్నారు. మళ్లీ వెళ్లినప్పుడు నా ప్రశ్నలన్నిటికీ కోఆర్డినేటర్ అమ్మాయి ఓపిగ్గా జవాబు చెప్పింది. మాట్లాడిందంతా వీడియో తీశారు. చదివి వినిపించడంతో సరిపెట్టకుండా, "అంకుల్, మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అని అడిగింది. అది నాకు చాలా నచ్చింది. పిల్లలకు పాఠం తలకెక్కిందో లేదో తెలుసుకోవడానికి మేమూ అదే చేస్తాం.

పత్రం చివర్లో ఒక చోట చదువు, వృత్తి, సంవత్సర ఆదాయం, నామినీ పేరు, సంబంధం అని ఉంటాయి. నామినీ అన్నచోట నా పేరు రాయాలి. చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, మాట మార్చలేదు. "ఆంటీ, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు, నష్టపరిహారం ఇవ్వాలని చట్టం. ప్రాణమే పోతే ఆ పరిహారం ఎవరికి చేరాలో ముందే రాసుకోవాలి. అందుకే ఈ గడి" అని ఉన్నదున్నట్టు చెప్పింది. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఇది ఉంది. కఠినమైన మాటను మెత్తగా, దాచకుండా చెప్పగల మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినందుకు ఆ యూనిట్‌ని మెచ్చుకోవాలి.

ఇంటికొచ్చాక ట్రయల్ నంబరు పెట్టి భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వెతికాను. మన దేశంలో ట్రయల్ మొదలయ్యే ముందే అక్కడ నమోదు కావాలన్న నియమం 2009 జూన్ నుంచి ఉంది. ఎన్నో దశ, ఎంతమందిని తీసుకుంటారు, ఏ ఏ ఊళ్లలో నడుస్తోంది, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా లేదా అన్నీ కనిపించాయి. యూనిట్‌లో చెప్పినవాటితో సరిపోయాయి. మీరెవరైనా చేరేముందు ఈ పని చేయండి. ఫోన్‌లోనే చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సార్, మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూస్తారా?" మా బంధువులందరి భయమూ అదే. డాక్టరు గారు కాగితం తీసుకుని రెండు గడులు గీశారు. ఒక వైపు కొత్త మందు ఉన్న మూడు మందుల కలయిక. ఇంకో వైపు ఇప్పటికే వాడుకలో ఉన్న మూడు మందుల కలయిక: పోమాలిడోమైడ్, బోర్టెజోమిబ్, డెక్సామెథాసోన్. "జబ్బు తిరగబెట్టిన మనిషిని వైద్యం లేకుండా ఉంచడం ఉండదు. ఎటు పడినా అసలు వైద్యమే. ఎటు పడతారన్నది కంప్యూటర్ తేలుస్తుంది, నా చేతిలో కూడా లేదు" అన్నారు.

అప్పుడు నేను అడిగాను. కొత్తది మంచిదని మీకే నమ్మకం ఉంటే అందరికీ అదే ఇవ్వొచ్చు కదా, ఈ లాటరీ ఎందుకు? ఆయన చెప్పిన జవాబు కోసమే ఈ రివ్యూ రాస్తున్నానన్నా తప్పులేదు. "మందులు కలిపితే మంచి కూడా పెరగొచ్చు, చెడు కూడా పెరగొచ్చు. ముందే ఎవరికీ తెలియదు" అని, జరిగిన ఒక సంగతి చెప్పారు. ఇంటికొచ్చి నేను వివరాలు చదువుకున్నాను.

వెనెటోక్లాక్స్ అని ఒక మాత్ర ఉంది, వేరే రకాల రక్త క్యాన్సర్లలో బాగా పనిచేసే మందు. దాన్ని బోర్టెజోమిబ్, డెక్సామెథాసోన్‌లతో కలిపి, తిరగబెట్టిన మైలోమా ఉన్న 291 మంది మీద బెల్లిని అనే ట్రయల్‌లో చూశారు. 194 మందికి అసలు మాత్ర, 97 మందికి ఉత్త మాత్ర. బోర్టెజోమిబ్, డెక్సామెథాసోన్ మాత్రం అందరికీ. జబ్బు పెరగకుండా ఉన్న కాలం అసలు మాత్ర వైపు మధ్యస్థంగా (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) 22.4 నెలలు, రెండో వైపు 11.5 నెలలు. దాదాపు రెట్టింపు. అక్కడితో ఆగిపోయి ఉంటే అందరూ పండగ చేసుకునేవాళ్లు. కానీ చనిపోయినవాళ్లను లెక్క చూస్తే అసలు మాత్ర వైపు 194లో 41 మంది, రెండో వైపు 97లో 11 మంది. నూటికి 21, నూటికి 11. ఇన్ఫెక్షన్లు ప్రధాన కారణాల్లో ఒకటి. 2019 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ ఈ విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. క్యాన్సర్ కణాల్లో ఒక ప్రత్యేకమైన జన్యుమార్పు, 11, 14 క్రోమోజోముల మధ్య ముక్కలు అటూఇటూ మారినవాళ్లలో మాత్రం ఈ మాత్ర మేలు చేసే సూచనలు కనిపించాయి. అంటే ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది కూడా పక్కన పోల్చుకునే గ్రూపు ఉండబట్టే తెలిసింది.

దానికి ముందు, 2017 జూలైలో, పెంబ్రోలిజుమాబ్ అనే ఇంకో మందును పోమాలిడోమైడ్‌తో ఒక ట్రయల్‌లో, లెనలిడోమైడ్‌తో ఇంకో ట్రయల్‌లో కలిపి చూస్తుంటే, కొత్త మందు వైపే ఎక్కువ మరణాలు కనిపించి రెండిటినీ ఆపేశారు. మధ్యలో లెక్కలు చూసే స్వతంత్ర కమిటీ గమనించింది. అలాంటి కమిటీ మా ట్రయల్‌కు ఉందా అని అడిగాను. ఉందని పత్రంలో చూపించారు.

ఇవి చదివితే భయం వేయదా అని మా చెల్లెలు అడిగింది. వేసింది. కానీ గెలిచిన కలయికలు తేలింది కూడా ఇదే పద్ధతిలో. 2016లో ప్రచురించిన పోలక్స్ అనే ట్రయల్‌లో 569 మంది. లెనలిడోమైడ్, డెక్సామెథాసోన్‌లకు డారాటుముమాబ్ అనే మందు చేరిస్తే ఏడాది తర్వాత జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు నూటికి 83, చేర్చకపోతే 60. అదే ఏడాది క్యాస్టర్ అనే ట్రయల్‌లో 498 మంది. బోర్టెజోమిబ్, డెక్సామెథాసోన్‌లకు అదే మందు చేరిస్తే నూటికి 61, చేర్చకపోతే 27. ఇవాళ ప్రపంచమంతా ఈ కలయికలు వాడుతున్నారంటే, ఆ వందలమంది తమ ఒళ్లు అప్పగించి తేల్చినదే. రెండో గ్రూపులో పడ్డవాళ్లు కూడా సమానంగా ఇచ్చారు. వాళ్లు లేకపోతే ఆ 83కి అర్థమే లేదు.

మా ఆయన కూడా రెండో గ్రూపులోనే, అంటే ఇప్పటికే వాడుకలో ఉన్న కలయిక వైపే పడ్డారు.

మా అబ్బాయి ఫోన్లో, "అయితే ఇంత దూరం వెళ్లి ఏం లాభం నాన్నా?" అన్నాడు. ఈయన మొహం కూడా వాడిపోయింది. ఇలాంటప్పుడే యూనిట్ ఎలాంటిదో తెలుస్తుంది. డాక్టరు గారు ఇంకోసారి కూర్చోబెట్టి, ఈ పాత కలయిక కూడా ట్రయల్‌లో గెలిచి వచ్చిందేనని చెప్పారు. 2019లో ఫలితాలు ప్రచురించిన ఆ ట్రయల్‌లో 559 మంది, అందరూ అంతకుముందు లెనలిడోమైడ్ వాడినవాళ్లే, ఈయనలాగే. పోమాలిడోమైడ్ చేర్చినవాళ్లలో జబ్బు ఆగిన కాలం మధ్యస్థంగా 11.2 నెలలు, చేర్చనివాళ్లలో 7.1. "ఇది మీకు ట్రయల్ బయట కూడా ఇవ్వదగ్గ వైద్యమే" అన్నారు. నా ఉద్దేశంలో చేరేముందు అడగాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే: పోల్చడానికి పెట్టిన వైద్యం, ట్రయల్ లేకపోయినా మీరు మాకు ఇచ్చేదేనా? దానికి తడబడకుండా అవునని చెప్పగలిగితేనే ముందుకెళ్లండి. బలహీనమైన వైద్యం పక్కన పెట్టి కొత్త మందును గొప్పగా చూపించడం రోగికి న్యాయం కాదు.

ఆ తర్వాత రెండో గ్రూపు కదా అని ఎవరూ తక్కువగా చూడలేదు. అవే పరీక్షలు, అదే నర్సు, అదే ఫోన్ నంబరు.

వైద్యం 21 రోజుల విడతల్లో ఉంటుంది. బోర్టెజోమిబ్ పొట్ట మీద చర్మం కింద ఇంజెక్షన్; మొదటి విడతల్లో 1, 4, 8, 11 రోజుల్లో. పోమాలిడోమైడ్ క్యాప్సూల్ 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. డెక్సా ఇంజెక్షన్ రోజున, మర్నాడు. వీటితోపాటు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, సర్పి రాకుండా ఎసైక్లోవిర్. వారానికి రెండుసార్లు కొత్తగూడెం నుంచి రావడం అయ్యే పని కాదు. మొదటి నెలల్లో ఉప్పల్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాం. హైదరాబాద్‌లో తలదాచుకునే చోటు లేనివాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. గది అద్దె ట్రయల్‌లో రాదని మాకు మొదటే చెప్పారు.

డే కేర్‌లో పని పద్ధతిగా ఉంటుంది. ముందు రక్తం తీస్తారు. ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) హద్దు కన్నా తక్కువగా ఉంటే ఆ రోజు మందు లేదు. ఒకసారి అలా వెనక్కి పంపారు. ఈయన "వచ్చింది ఎలాగూ వచ్చాం, వేసేయండమ్మా" అన్నారు. నర్సు ఒప్పుకోలేదు. డోసు తగ్గించాక మళ్లీ మొదలుపెట్టారు. క్యాప్సూళ్లకు డైరీ ఉంటుంది, వేసుకున్న టైముతో సహా రాయాలి. ఖాళీ స్ట్రిప్పులు పారేయకూడదు, తెచ్చి ఇస్తే ఒక్కొక్కటీ లెక్కపెట్టి తీసుకుంటారు. మొదట్లో ఈయనకు ఇది తన మీద అనుమానంలా అనిపించింది. ఒక్క మాత్ర లెక్క తప్పినా మందు బలమెంతో తేలదు కాబట్టి ఈ లెక్క అని ఫార్మసిస్టు చెప్పాక, స్టోర్ రిజిస్టర్ రాసిన పాత అలవాటు కదా, ఆయనే ఎంతో శుభ్రంగా రాస్తున్నారు. పోమాలిడోమైడ్ థాలిడోమైడ్ కుటుంబంలోది, కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది. అందుకని క్యాప్సూల్ విప్పకూడదని, ఇంట్లో గర్భిణులు ముట్టుకోకూడదని, రక్తదానం చేయకూడదని ప్రతి విడతలోనూ మళ్లీ చెబుతారు. మా కోడలు అప్పుడు కడుపుతో ఉంది. మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాం.

బోర్టెజోమిబ్ వల్ల నరాలకు వచ్చే తిమ్మిరిని ఆ యూనిట్ నర్సు కనిపెట్టిన తీరు నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. పేపర్లో "తిమ్మిర్లు ఉన్నాయా?" అన్న ప్రశ్నకు ఈయన ఎప్పుడూ లేవనే చెప్పేవారు. ఆమె, "అంకుల్, నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా? చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇబ్బందిగా ఉందా?" అని అడిగింది. ఈయన ఆలోచించి, చెప్పు జారిపోతోందని ఒప్పుకున్నారు. అదే రోజు డాక్టరు గారికి చెప్పి బోర్టెజోమిబ్ తగ్గించారు. ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే ఆ తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోయేదేమో.

తిండి విషయంలోనూ మంచి సలహా ఇచ్చారు. బంధువులు ప్రేమతో గ్రీన్ టీ పొడి, తిప్పతీగ చూర్ణం తెచ్చి ఇస్తారు. గ్రీన్ టీలోని ఒక పదార్థం బోర్టెజోమిబ్‌ను పట్టేసుకుని పనిచేయనివ్వదని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది, కాబట్టి వద్దన్నారు. ఇంట్లో వాడే ప్రతి చూర్ణం, ప్రతి విటమిన్ మాత్ర తెచ్చి చూపించమన్నారు. సంచీ నిండా పట్టుకెళ్లాం. సగం పక్కన పెట్టించారు.

ఇక జ్వరం వచ్చిన రాత్రి. కొత్తగూడెంలో ఉన్నాం, అర్ధరాత్రి దాటింది. థర్మామీటర్ 101 దాటి చూపించింది. 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదని కార్డు మీద ఉంది. ఆ కార్డు మీది నంబరుకు చేశాను. రెండో రింగుకే డ్యూటీ రీసెర్చ్ డాక్టరు ఎత్తారు. ఈయన పేరు చెప్పగానే ఏ ట్రయల్, ఏ విడత, పోయిన రక్తపరీక్షలో తెల్లకణాలు ఎన్ని అన్నీ ఆయనే చెప్పారు. "పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. ఇప్పుడే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. అక్కడి డాక్టరు గారికి ఫోన్ ఇవ్వండి" అన్నారు. మా ఊరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలో చెప్పి, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం పంపమని చెప్పి, గంట తర్వాత మళ్లీ ఆయనే ఫోన్ చేశారు. తెల్లారాక అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకెళ్లాం. ట్రయల్‌లో ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరాడంటే అది తీవ్రమైన సంఘటన కింద లెక్క. తెలిసిన 24 గంటల్లోగా ఎథిక్స్ కమిటీకి, ప్రభుత్వ ఔషధ నియంత్రణ అధికారికి రిపోర్టు వెళ్లాలి. అది జరిగిందని కాపీ అడిగితే చూపించారు. ఆ చేరిక ఖర్చు మా మీద పడలేదు.

ఈ ఒక్క విషయానికి నేను ఐదుకు ఐదు వేస్తాను. కలయిక మందుల్లో ఇన్ఫెక్షనే పెద్ద శత్రువు. బెల్లిని లెక్కలు చదివినదాన్ని కాబట్టి ఆ రాత్రి నాకు అది పుస్తకంలో విషయం కాదు. కొత్త మందు ఎంత గొప్పదైనా, రాత్రి ఫోన్ ఎత్తే మనిషి లేని చోట చేరకండి. మేం సంతకం చేయకముందే ఒక ఆదివారం రాత్రి ఆ నంబరుకు ఫోన్ చేసి చూశాను. ఎత్తారు. మీరూ అలాగే చేయండి, ఏమీ అనుకోరు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, ఎదురుచూపు. పొద్దున ఏడింటికి రక్తం ఇస్తే, రిపోర్టు వచ్చి, కంప్యూటర్లో మందు కేటాయింపు జరిగి, ఫార్మసీ నుంచి పైకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. నడుం ఎముకలు గుల్లబారిన మనిషిని అంతసేపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడం తప్పు. వాలే కుర్చీలు ఉన్నాయి గానీ మందు ఎక్కేటప్పుడే ఇస్తారు. తోడు వచ్చినవాళ్లకు కూర్చునే చోటే లేదు. ఇది డబ్బు లేక కాదు, ఎవరూ పట్టించుకోక.

రెండోది, దారి ఖర్చులు. ఇస్తామని పత్రంలో రాశారు, ఇచ్చారు కూడా, కానీ నెలల తరబడి ఆలస్యంగా. ప్రతిదానికీ బిల్లు కావాలంటారు. ఆటోవాళ్లు బిల్లు ఎక్కడిస్తారు? సింగరేణి పెన్షన్ ఉంది కాబట్టి మేం తట్టుకున్నాం. మా పక్క కుర్చీలో మహబూబాబాద్ జిల్లా నుంచి వచ్చే ఒక కౌలు రైతు దంపతులు ఉండేవాళ్లు. వాళ్లు ప్రతిసారీ చేబదులు తెచ్చుకుని వచ్చేవాళ్లు. ఇది నాకు చాలా కోపం తెప్పించిన విషయం. ప్రాణం పణంగా పెట్టి వచ్చే మనిషికి బస్సు చార్జీ అదే రోజు చేతిలో పెట్టాలి.

మూడోది, కోఆర్డినేటర్లు మారిపోతూ ఉంటారు. మొదట మాకు అన్నీ వివరించిన అమ్మాయి మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు కూడా మంచివాళ్లే, కానీ పాత సంగతులన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ట్రయల్ పద్ధతిలో మార్పు వచ్చినప్పుడల్లా సవరించిన సమ్మతి పత్రం మీద మళ్లీ సంతకం పెట్టించాలి, అది నియమం. ఒకసారి ఏం మారిందో చెప్పకుండా "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించారు. నేను పత్రం పక్కన పెట్టి, ఏం మారిందో చెబితేనే అన్నాను. అప్పుడు డాక్టరు గారు వచ్చి చెప్పారు. గొడవేమీ కాలేదు. అడగడం మన హక్కు, మొహమాటపడొద్దు.

ఎముక మజ్జ పరీక్ష నొప్పి గురించి కూడా చెప్పాలి. మొదటిసారి మత్తు ఇంజెక్షన్ పట్టేదాకా ఆగకుండా మొదలుపెట్టారు, ఈయన పళ్లు బిగబట్టి పడుకున్నారు. మేం గట్టిగా చెప్పాక తర్వాతిసారి ఆగి చేశారు. మీరు మొదటిసారే చెప్పండి.

ఫలితం అడుగుతారు కదా. ఎం ప్రోటీన్ మొదట ఉన్నదాంట్లో సగానికి పైగా తగ్గింది. డాక్టర్ల లెక్కలో సగం తగ్గితే పాక్షిక స్పందన, నూటికి 90 తగ్గితే చాలా మంచి స్పందన. మాది ఈ రెండిటి మధ్య ఉంది, నిలకడగా ఉంది. కనిష్ఠ స్థాయి నుంచి మళ్లీ నాలుగో వంతు పెరిగితే జబ్బు ముందుకు సాగినట్టు లెక్కపెట్టి ఈ వైద్యం ఆపేస్తారు. ప్రతి విడత రిపోర్టు వచ్చే రోజు ఇంట్లో టెన్షన్ ఉంటుంది. అది ఏ యూనిట్ తీసేయగలిగేది కాదు. కొత్త కలయిక గెలుస్తుందో లేదో మాకు తెలియదు, డాక్టర్లకూ ఇంకా తెలియదు.

మార్కులు: వివరించడానికి, కనిపెట్టుకుని ఉండడానికి ఐదుకు ఐదు. కూర్చునే ఏర్పాట్లకు రెండు. దారి ఖర్చులకు ఒకటి. మొత్తం మీద నాలుగు వేస్తున్నాను, ఎందుకంటే ఆ మొదటి రెండూ ప్రాణానికి సంబంధించినవి.

చివరగా ఒక విషయం సంతకానికి ముందే అడిగి పెట్టుకోండి: ట్రయల్ ముగిశాక ఏమిటి? కొత్త మందు మేలు చేస్తూ, దానికి వేరే ప్రత్యామ్నాయం లేకపోతే, డాక్టరు సిఫారసు, ఎథిక్స్ కమిటీ ఆమోదం మీద ఉచితంగా కొనసాగించే వీలు 2019 నిబంధనల్లో ఉంది. మాలాగా రెండో గ్రూపులో పడ్డవాళ్లు ఇంకొకటి కూడా అడగాలి: మాకు జబ్బు మళ్లీ పెరిగితే తర్వాత ఇచ్చే మందు ఏది, దాని ఖర్చు ఎవరిది? మాకు ఆ జవాబు డాక్టరు గారు తన చేత్తో రాసి ఇచ్చారు. ఆ కాగితం ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకున్నాను.